మైలుతుత్తం

టీ అంగట్లో పేపరు చదివి నవ్వతా ఉండారు.
ఏదో దేశం పెద్దాయన మింద
సముద్రాల అవతల కోర్టొకటి వారంటు రాసిందంట.
"పట్టకచ్చేదెవురు? మన ఏకాంబరమా?" అని
గ్రీమ్స్‌పేట శేషాద్రి నా పక్క జూసినాడు.

నేను నవ్వలా.
ముప్పై ఒక్క ఏండ్లు చిత్తూరు కోర్టులో
అమీనాగా చేసినోణ్ణి.
కాగితం బరువు నాకు తెలుసు.
సైకిలు క్యారేజీకి కట్టుకోని
మురకంబట్టు మిట్టెక్కితే తెలిసే బరువది.

తప్పిచ్చుకునే విద్య గూడా తెలుసు.
"అయ్య ఊళ్లో లేడు" అంటాది ఇంట్లో ఆడమనిషి.
గడప కాడ చెప్పులు తడిగా ఉంటాయి.
"ఆ పేరు గలోడు ఈ వీధిలోనే లేడు" అంటాడు
ఆ పేరే బోర్డు మింద రాసుండే మిల్లులో గుమస్తా.
ఇంగొగడు ఆస్పత్రిలో పండుకుంటాడు.
ఇంగొగడు, "ఈ కోర్టుకి నా మింద హక్కే లేదు" అంటాడు.
ఆ పెద్దాయన అదే మాటన్నాడని పేపర్లో ఉంటే
యాడో విన్నట్టుండాదే అనుకున్యా.
బంగారుపాళ్యంలో విన్యా, ఎనభై ఎనిమిదిలో.

మేక దొంగకు పొద్దున వారంటు రాస్తే
మాపటికి లాకప్పులో ఉంటాడు.
బెల్లం మండీ జగన్నాథం గోడౌను గోడ కూలి
ఆరుగురు కూలోళ్లు సచ్చిపొయ్‌నారు.
ఆరు పేర్లూ నాకు నోటికొస్తాయి, తండ్రి పేర్లతో సహా.
కుప్పమ్మ, తండ్రి చెంగల్రాయుడు, వయసు ఇరవై రెండు...
ఆయనకు సమన్లియ్యను పదకొండు తూర్లు పొయ్‌నా.
పదకొండు తూర్లూ తడి చెప్పులే.

పన్నెండో తూరి మైదా ఉడకబెట్టుకోని పొయ్‌నా.
ముందు తలుపుకే అంటిచ్చినా.
సాక్షి సంతకమంటే వీధంతా తలుపులేసుకునింది.
ఇస్త్రీ బండి మునెమ్మ వచ్చి ఏలిముద్రేసింది.
"నాకేం బయ్యం? ఆయన చొక్కాలన్నీ
నాకాడ్నే కదా ఉండాయి" అనింది.

ఆ పొద్దు నించి జగన్నాథం
ముందు వాకిట్లో అడుగు పెట్టలా.
దొడ్డి తోవన, పేడదిబ్బ పక్కన,
పంచె పైకెత్తుకోని పొయ్యేవాడు.
కాణిపాకం తోవ గూడా మానుకున్యాడు.
ఎవురన్నా ప్రమాణం చెయ్యమంటే ఏం జెయ్యాల?

శిక్ష పడిందా అంటావా? పడలా.
కేసు తేలకముందే పొయ్‌నాడు.
తొమ్మిదేండ్లు మాత్రం సొంతింటికి దొంగ మాదిరి వచ్చినాడు.
అది చాల్తుందా?
కుప్పమ్మ నాయన కోర్టు మెట్ల మింద కూసోని అడిగినాడు,
"కాగితమేనా సామీ?" అని.
ఆ పొద్దు నాకాడ జవాబు లేదు.
ఈ పొద్దూ లేదు.

ఆ పెద్దాయన ఇమానం
కొన్ని దేశాల మింద పోకుండా చుట్టు తిరిగి పోతా ఉందంట.
పేపర్లో బొమ్మేసినారు, వంకర గీత.
చూస్తానే తెలిసిపాయ నాకు,
అది దొడ్డి తోవ.

ఇంగొగ మాట కడుపులో ఉండాది, చెప్పేస్తా.
కొందురి తలుపుకి కాగితం రాసే చెయ్యే లేదు.
రాస్తామంటే రాసేవోళ్ల జీతాలు ఆపుతామంటారంట.
మా ఊళ్లోనూ ఉణ్ణింది అట్టాంటి వీధి.
నా సైకిలు ఒగనాడూ ఆ పక్క తిరగలా.

శేషాద్రీ, నువ్వు నవ్వుకోబ్బా.
నాకు మాత్రం ఒగటే యోచన.
ఆ కోర్టులో అమీనా ఎవురు?
వానికి సైకిలుండాదా?
మిట్టెక్కినాక మంచినీళ్లిచ్చే ఇల్లుండాదా?
ఆ సచ్చిన పిల్లోళ్ల పేర్లు వానికి నోటికొస్తాయా,
తండ్రి పేర్లతో సహా?
సాక్షి సంతకానికి ఏ మునెమ్మ వస్తాది?

వాడు కనబడితే ఎవురన్నా చెప్పండి,
మైదా ఉడికేటబుడు
రవ్వంత మైలుతుత్తం కలపమని.
వానకు అంచులు లేస్తాయి గానీ
చీమలు తినవు, పురుగు పట్టదు.
చానా ఏండ్లుంటాది కాగితం.